షూటింగ్ ముగిశాక ఊళ్లో ఏం మిగలాలి: నునావుట్ సినిమా, టెలివిజన్ రంగానికి కావలసిన ఊతం

కెనడా ఉత్తరాన, ఆర్కిటిక్ వలయానికి ఆవల, ఇగ్లూలిక్ అనే దీవి మీద ఒక చిన్న ఊరు ఉంది. ఆ ఊరు టెలివిజన్ తమకు వద్దని 1975లో ఒకసారి, 1979లో మరోసారి ఓటు వేసి మరీ తేల్చి చెప్పింది. ఉపగ్రహం నుంచి దిగే కార్యక్రమాలు దక్షిణాది నగరాల్లో తయారైనవి, దాదాపు అన్నీ ఇంగ్లీషులో ఉండేవి. తమ మాట పలకని పెట్టెను నట్టింట పెట్టుకుంటే పిల్లల నోట ఇనుక్టిటుట్ భాష నిలవదని అక్కడి పెద్దలు భయపడ్డారు. తమ భాషలో, తమవాళ్లే తీసిన కార్యక్రమాలు వస్తాయని రూఢి అయ్యాకే, 1983లో, టెలివిజన్ ఆ ఊళ్లో అడుగుపెట్టింది. పద్దెనిమిదేళ్ల తరవాత, 2001లో, అదే ఊరివాళ్లు పూర్తిగా ఇనుక్టిటుట్‌లో తీసిన ‘అటనార్జువాట్’ కాన్ చలనచిత్రోత్సవంలో తొలి చిత్రానికి ఇచ్చే కెమెరా దోర్ బహుమతిని గెలుచుకుంది. టెలివిజన్‌ను కాదన్న ఊరే అంత గొప్ప సినిమా తీయడం పైకి వింతగా తోస్తుంది. ఆ పద్దెనిమిదేళ్లలో అక్కడ జరిగిన పనిని చూస్తే అందులో వింతేమీ లేదని, మారుమూల ఉత్తర ప్రాంతంలో సినిమా, టెలివిజన్ రంగానికి ఏ రకం ఆసరా పనికొస్తుందో చెప్పే ఆధారం అదేనని అర్థమవుతుంది.

ఇగ్లూలిక్ ఉన్న నునావుట్ ప్రాంతం 1999 ఏప్రిల్ 1న, అంతకు ఆరేళ్ల ముందు కుదిరిన భూ ఒప్పందం ఫలితంగా, కెనడాలో ప్రత్యేక పాలనా ప్రాంతంగా ఏర్పడింది. అక్కడి ఆదివాసీలైన ఇన్యూట్‌ల భాషలో ఆ పేరుకు ‘మా నేల’ అని అర్థం. విస్తీర్ణం ఇరవై లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే భారతదేశంలో దాదాపు మూడింట రెండు వంతులు. 2021 జనగణన ప్రకారం జనాభా మాత్రం 36,858. తెలుగునాట ఒక మోస్తరు మండలంలో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. ఈ కొద్దిమందీ 25 ఊళ్లలో సర్దుకుని ఉన్నారు. ఒక ఊరి నుంచి మరో ఊరికి గానీ, దక్షిణ కెనడాకు గానీ రోడ్డు లేదు. మనిషి వెళ్లాలంటే విమానమే గతి. బరువైన సామాను వెళ్లాలంటే సముద్రంలో మంచు విడిపోయే జులై నుంచి అక్టోబరు మధ్య దక్షిణం నుంచి వచ్చే సరుకు ఓడల కోసం ఎదురుచూడాలి. ఆ రవాణాను అక్కడ సీలిఫ్ట్ అంటారు. ప్రతి ఊరికీ కరెంటు డీజిలు జనరేటర్ల నుంచే వస్తుంది. అదే జనగణనలో రాజధాని ఇకాలుయిట్ జనాభా ఎనిమిది వేలకు లోపే.

ఇలాంటి చోట సినిమా రంగాన్ని పెంచాలనగానే పాలకులకైనా నిపుణులకైనా మొదట తట్టేది రాయితీ. బయటి నిర్మాతలు వచ్చి ఖర్చు పెడితే అందులో కొంత శాతం తిరిగి ఇస్తామని ప్రకటించడం, లొకేషన్ల ఫొటోలతో పుస్తకం వేయడం, అనుమతులు త్వరగా ఇప్పించే కార్యాలయం ఒకటి తెరవడం అనే మూడు పనులూ ప్రపంచంలో చాలా ప్రాంతాలు చేస్తున్నవే. వాటిలో తప్పేమీ లేదు. అయితే నునావుట్ నలభై ఏళ్ల అనుభవం వేరే సంగతి చెబుతోంది. ఇంత చిన్న, ఇంత దూరపు చోట రంగం నిలవడానికి ప్రధానంగా కావలసింది వచ్చిపోయే షూటింగులు కావు, తెగని పని. ఆ పనిని దశాబ్దాల పాటు ఇచ్చింది టెలివిజన్. సినిమా దాని మీద పెరిగింది.

కెనడా తన తొలి దేశీయ సమాచార ఉపగ్రహం అనిక్‌ను 1972లో ప్రయోగించింది. దానితో ఉత్తరాదికి టెలిఫోను, టెలివిజన్ చేరాయి గానీ ఆ టెలివిజన్‌లో ఉత్తరాది లేదు. ఇన్యూట్ నాయకురాలు రోజ్‌మేరీ కుప్టానా దక్షిణాది టెలివిజన్ ప్రభావాన్ని న్యూట్రాన్ బాంబుతో పోల్చారు. ఆ బాంబు కట్టడాలను నిలిపి ఉంచి మనుషులను చంపినట్టు, ఈ ప్రసారాలు ఊళ్లను ఉంచి ఊళ్లలోని బతుకును చంపుతాయని ఆమె ఆవేదన. ఆ ఆవేదన నిరసనతో ఆగిపోలేదు. ఇన్యూట్ సంఘం ఉపగ్రహంలో సమయం సంపాదించి ప్రయోగాత్మకంగా తన కార్యక్రమాలు నడిపి చూసింది. 1981లో ఇన్యూట్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ ఏర్పడి, 1982 ఆరంభం నుంచి ప్రసారాలు మొదలుపెట్టింది. 1983లో కేంద్ర ప్రభుత్వం ఉత్తరాది ప్రసార విధానాన్ని ప్రకటించి, స్థానిక భాషల్లో కార్యక్రమాల తయారీకి నిధులు కేటాయించింది. ఇకాలుయిట్, ఇగ్లూలిక్, బేకర్ లేక్ లాంటి ఊళ్లలో చిన్న చిన్న నిర్మాణ కేంద్రాలు వెలిశాయి. వాటిలో వేటగాళ్లు, బడి వదిలిన యువకులు, గృహిణులు కెమెరా పట్టడం, మాట రికార్డు చేయడం, టేపు మీద కూర్పు చేయడం నేర్చుకున్నారు. వారం వారం ప్రసారం ఉంటుంది కనుక వారం వారం పని ఉండేది. చేతికి పని అలవాటు కావడానికి అంతకన్నా మంచి బడి మరొకటి లేదు.

జకరియాస్ కునుక్ అందులోంచే వచ్చాడు. 1957లో పుట్టి, నేల మీద వేట గుడారాల్లో చిన్నతనం గడిపి, ఆ తరవాత రాతిబొమ్మలు చెక్కుతూ బతికిన ఈ ఇగ్లూలిక్ మనిషి 1981లో మాంట్రియల్ వెళ్లి, తన బొమ్మలు అమ్మిన డబ్బుతో ఒక వీడియో కెమెరా, రికార్డరు, టెలివిజన్ సెట్టు కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటికి ఆ ఊళ్లో టెలివిజన్ ప్రసారమే లేదు. తాను తీసిన వీడియోలను ఇంట్లో వేసుకుని చూస్తుంటే కిటికీ అవతల పిల్లలు గుమిగూడి లోపలికి తొంగి చూసేవారని ఆయన తరవాత గుర్తుచేసుకున్నాడు. ఆ పిల్లలు చూసిన మొదటి టెలివిజన్‌లో కనిపించింది వాళ్ల ఊరే. ప్రసార సంస్థ ఇగ్లూలిక్ కేంద్రంలో కొన్నేళ్లు పనిచేశాక, పాల్ అపాక్ అంగిలిర్క్, పౌలూసీ కులిటాలిక్, నార్మన్ కోన్‌లతో కలిసి 1990లో ఆయన ఇసుమా సంస్థను స్థాపించాడు. ఇసుమా అంటే ఆలోచన. మరుసటి ఏడాది అదే ఊళ్లో ఆర్నయిట్ పేరుతో స్త్రీల వీడియో బృందం మొదలైంది. ఇప్పటికీ రెండు వేల జనాభాకు అటూ ఇటూగా ఉన్న ఊళ్లో రెండు నిర్మాణ బృందాలు పుట్టడానికి ముందు, పదేళ్ల పాటు టెలివిజన్ జీతాలు అందాయన్నది మరచిపోకూడదు.

‘అటనార్జువాట్’ తయారైన తీరును దగ్గరగా చూస్తే స్థానిక నిర్మాణం అంటే ఏమిటో తెలుస్తుంది. కథ ఆ ప్రాంతంలో తరాలుగా చెప్పుకుంటున్నదే. పెద్దల నోట విన్న వేరువేరు పాఠాలను పోల్చి చూసుకుని స్క్రిప్టు రాశారు. పాత్రల దుస్తులు కరిబూ అనే ఉత్తరాది దుప్పి, సీలు చర్మాలతో ఊరి స్త్రీలు చేత్తో కుట్టినవి. చర్మం గీకి మెత్తబరచడం దగ్గర నుంచి కుట్టు వేసే తీరు దాకా పాత పద్ధతినే పాటించాలంటే ఆ పని వచ్చిన ముసలివాళ్ల దగ్గర కూర్చోవాలి. మంచు మీద లాగే స్లెడ్జి బండ్లు చేసినవాళ్లు, కుక్కలను తోలినవాళ్లు, మంచు ఇళ్లు కట్టినవాళ్లు, బృందానికి మాంసం వేటాడి తెచ్చినవాళ్లు అందరూ వేతనం అందుకున్న సాంకేతిక నిపుణులే. డిజిటల్ వీడియోలో తీసి తరవాత 35 ఎం.ఎం. ఫిల్ముకు మార్చారు. కథానాయకుడి పాత్ర వేసిన నాతార్ ఉంగలాక్ మంచు మీద వట్టి కాళ్లతో, ఒంటి మీద నూలుపోగు లేకుండా పరుగెత్తిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఆ దృశ్యాన్ని ఏ స్టూడియోలోనైనా నకలు చేయవచ్చు గానీ ఆ దుస్తుల వెనక ఉన్న చేతులకు నకలు లేదు. ఖర్చు దాదాపు ఇరవై లక్షల కెనడా డాలర్లు. మరో చోట అయితే మామూలు చిత్రానికి కూడా చాలని ఆ మొత్తంలో పెద్ద భాగం ఆ ఊరి ఇళ్లకే చేరింది.

ఆ సినిమాకు డబ్బు దొరికిన కథ అంత ఉత్సాహం కలిగించేది కాదు. జాతీయ చిత్ర నిధిలో ఇంగ్లీషు, ఫ్రెంచి చిత్రాలకు ఉన్న వాటాతో పోలిస్తే ఆదివాసీ చిత్రాలకని విడిగా పెట్టిన వాటా చాలా చిన్నది. ఇనుక్టిటుట్‌లో పూర్తి నిడివి చిత్రం తీస్తామన్నవారికి ఆ చిన్న వాటాలోంచే ఇస్తామన్నారు. 1998లో షూటింగ్ ఆగిపోయింది. ఇసుమా బృందం ఈ అన్యాయాన్ని బహిరంగంగా ప్రశ్నించి, పోరాడి, 1999లో పని మళ్లీ మొదలుపెట్టింది. స్క్రిప్టు రాసిన పాల్ అపాక్ అప్పటికే క్యాన్సర్‌తో కన్నుమూశాడు. సినిమా కాన్‌లో గెలిచి, కెనడా జీనీ అవార్డుల్లో ఉత్తమ చిత్రంగా నిలిచి, 2015లో టొరంటో చిత్రోత్సవం విమర్శకులతో నిర్వహించిన ఓటింగులో కెనడా చరిత్రలోనే ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. ఇంత పేరు వచ్చాక సంస్థకు ఢోకా ఉండదని ఎవరైనా అనుకుంటారు. కానీ 2011లో ఇసుమా ప్రొడక్షన్స్ అప్పులు తీర్చలేక రిసీవర్ చేతికి, అంటే అప్పుల వసూలు కోసం నియమించే అధికారి చేతికి వెళ్లింది. కునుక్ కింగుల్లీట్ అనే మరో సంస్థ కింద పని కొనసాగించాడు.

ఈ పతనాన్ని వ్యక్తుల నిర్వహణ లోపంగా చూసి వదిలేస్తే అసలు విషయం చేజారుతుంది. ప్రాజెక్టుకు ప్రాజెక్టుకు నిధులిచ్చే పద్ధతిలో, ఒక సినిమా పూర్తయిన రోజు నుంచి తరవాతి దానికి అనుమతి వచ్చే రోజు దాకా ఆదాయం ఉండదు. టొరంటోలోనో హైదరాబాదులోనో ఆ ఖాళీ నెలల్లో సంపాదకుడు ప్రకటన చిత్రానికి పనిచేస్తాడు, లైట్‌మన్ ఇంకో యూనిట్‌లో చేరతాడు, కెమెరా అద్దెకు వెళ్తుంది. ఇగ్లూలిక్‌లో ఇంకో యూనిట్ లేదు. వెచ్చగా ఉంచాల్సిన గది, ఇంటర్నెట్ బిల్లు, పాత టేపులు పాడవకుండా దాచిన అర, లెక్కలు రాసే మనిషి జీతం మాత్రం ప్రతి నెలా ఉంటాయి. అందుకే ఉత్తరాది సంస్థలకు ఏడాదికోసారి ప్రాజెక్టు పేరిట ఇచ్చే పెద్ద మొత్తం కన్నా, మూడు నాలుగేళ్లకు ముందే ఖరారైన చిన్న మొత్తం ఎక్కువ విలువైనది. నిధుల సంస్థలు ఈ నిర్వహణ ఖర్చును దండగగా చూడటం మానుకుంటే చాలా సంస్థలు కూలిపోవు.

ఇక రాయితీల సంగతి. కెనడా కేంద్ర ప్రభుత్వం స్వదేశీ నిర్మాణాలకు అర్హమైన శ్రమ ఖర్చుపై 25 శాతం, విదేశీ నిర్మాణాలకు 16 శాతం పన్ను వాపసు ఇస్తుంది. దానికి తోడు చాలా రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి. మానిటోబాలో బోనస్‌లన్నీ కలిస్తే శ్రమ ఖర్చులో 65 శాతం దాకా తిరిగి వస్తుంది. అక్కడ మంచు ఉంది, రోడ్లు ఉన్నాయి, విన్నిపెగ్‌లో హోటళ్లూ పరికరాలూ ఉన్నాయి. నునావుట్‌లో 2003 నుంచి పనిచేస్తున్న నునావుట్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్, ప్రాంతంలో ఖర్చు పెట్టిన సొమ్ములో కొంత నేరుగా నిర్మాతకు తిరిగి చెల్లించే పథకాన్ని నడుపుతోంది. నలభై వేలకు అటూ ఇటూ జనాభా ఉన్న ప్రాంతపు ఖజానా నుంచి వచ్చే ఆ నిధి మానిటోబాతో పోటీ పడగలదా అన్న ప్రశ్నకు జవాబు స్పష్టమే. వచ్చిన నిర్మాత పెట్టే ఖర్చు కూడా ఊళ్లో నిలవదు. దక్షిణం నుంచి తెచ్చుకున్న సిబ్బంది జీతం దక్షిణానికే వెళ్తుంది, టికెట్ల డబ్బు విమాన సంస్థకు, పరికరాల అద్దె మాంట్రియల్ దుకాణానికి పోతాయి. ఊరికి దక్కేది కొన్ని గదుల అద్దె, వంట, వాహనాలు, రెండు మూడు రోజుల జూనియర్ ఆర్టిస్టుల కూలి.

కెనడాకు పొరుగున ఉన్న అమెరికా రాష్ట్రం అలాస్కా ఈ పాఠాన్ని మూల్యం చెల్లించి నేర్చుకుంది. అక్కడ 2008 ప్రాంతంలో తెచ్చిన చలనచిత్ర పన్ను రాయితీని చమురు ఆదాయం పడిపోయాక 2015లో రద్దు చేశారు. 2024లో వచ్చిన ‘ట్రూ డిటెక్టివ్: నైట్ కంట్రీ’ ధారావాహిక కథ అలాస్కాలో జరిగినా చిత్రీకరణ ఐస్‌లాండ్‌లో జరిగింది, ఐస్‌లాండ్ 2022లో పెద్ద నిర్మాణాలకు వాపసును 35 శాతానికి పెంచింది. మంచు ఎక్కడైనా మంచే. దృశ్యం కోసం వచ్చేవాడు ధర తగ్గిన చోటికి వెళ్లిపోతాడు. ఉత్తరాది స్వీడన్‌లో 1992లో స్థానిక సంస్థలు కలిసి లులియోలో నెలకొల్పిన ఫిల్మ్‌పూల్ నోర్డ్ ఇంకో దారి పట్టింది. రాయితీ ఇచ్చి ఊరుకోకుండా చిత్రాల్లో సహ నిర్మాతగా పెట్టుబడి పెట్టి, తమ ప్రాంతంలో తీయాలని షరతు పెట్టింది. ఆ ప్రాంతానికి రైలూ రోడ్డూ విశ్వవిద్యాలయమూ ఉన్నాయి కనుక నునావుట్‌తో నేరుగా పోల్చలేం. అయినా ఖర్చు పెట్టిన ప్రజాధనానికి బదులుగా హక్కుల్లో వాటా అడగడమన్నది ఉత్తరాది అంతటా పనికొచ్చే ఆలోచన.

‘నార్త్ ఆఫ్ నార్త్’ ఈ చర్చను కొత్త మెట్టుకు తెచ్చింది. స్టేసీ ఆగ్లోక్ మెక్‌డొనాల్డ్, అలీథియా అర్నాకుక్ బారిల్ అనే ఇద్దరు ఇన్యూట్ స్త్రీలు సృష్టించిన ఈ హాస్య ధారావాహిక ఇకాలుయిట్‌లోనే చిత్రీకరణ జరుపుకుని 2025 జనవరిలో కెనడా ప్రభుత్వ టెలివిజన్‌లోనూ ఆదివాసీ ఛానెల్ ఏపీటీఎన్‌లోనూ, ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ప్రపంచమంతటా ప్రసారమైంది. ప్రధాన పాత్ర పోషించిన అన్నా లాంబ్ ఇకాలుయిట్ అమ్మాయే. 2018లో వచ్చిన ‘ద గ్రిజ్లీస్’ చిత్రంతో తెరకు పరిచయమైంది, ఆ చిత్ర నిర్మాతల్లో కూడా ఈ ఇద్దరే ఉన్నారు. రంగం పెరగడం అంటే ఇదే. ఒక చిత్రంలో బడి పిల్లగా పరిచయమైన మనిషి ఏడేళ్లకు ధారావాహికను భుజాన మోస్తుంది, ఒకరి దగ్గర పని నేర్చుకున్నవాళ్లు తరవాత సొంతంగా నిర్మాతలవుతారు. పాత్రలు తొడిగిన పార్కాలు అనే తలకప్పు ఉన్న మందపాటి కోట్లు, చెవులకు పెట్టుకున్న నగలు ఇన్యూట్ కళాకారుల చేతిపని. రెండో సీజన్ ఖరారు కావడం ప్రేక్షకుల కన్నా ఇకాలుయిట్ సిబ్బందికే పెద్ద వార్త. మొదటిసారి సహాయకులుగా చేరినవారు రెండోసారి ఒక శాఖను తమ చేతిలోకి తీసుకోగలిగేది పని తిరిగి వచ్చినప్పుడే.

ఆ ధారావాహిక కోసం రాజధానిలో స్టూడియో లేక మంచు మీద రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ ఆట మందిరాన్ని స్టూడియోగా మార్చుకోవలసి వచ్చింది. ఎత్తైన కప్పు, స్తంభాలు లేని విశాలమైన నేల, వేడి, సరిపడా కరెంటు ఉన్న కట్టడాలు ఆ ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆటగాళ్ల స్థలం సినిమాకు పోతే ఆ మేరకు ఊరు కొంత త్యాగం చేస్తున్నట్టే. ఇన్యూట్ ప్రసార సంస్థకు దశాబ్దం కిందటి నుంచి ఇకాలుయిట్‌లో మీడియా కేంద్రం ఉంది, అది టెలివిజన్ కార్యక్రమాలకు చక్కగా సరిపోతుంది గానీ పెద్ద ధారావాహిక సెట్లకు చాలదు. ఇళ్ల కొరత ఇంకా తీవ్రం. ఒకే ఇంట్లో రెండు మూడు కుటుంబాలు సర్దుకునే ప్రాంతమది. 2030 నాటికి 3,000 ఇళ్లు కట్టాలని ప్రభుత్వం 2022లో ప్రణాళిక ప్రకటించిందంటే అవసరం ఎంతటిదో ఊహించవచ్చు. అరవై మంది సాంకేతిక నిపుణులు మూడు నెలల పాటు దిగితే హోటల్ గదులు, అద్దె ఇళ్లు వారికే పోయి, వైద్యానికి చిన్న ఊళ్ల నుంచి వచ్చినవారికి చోటు కరవయ్యే పరిస్థితి రాకూడదు. కాబట్టి సినిమా విధానాన్ని సాంస్కృతిక శాఖ ఒక్కటే రాయడం వల్ల ప్రయోజనం తక్కువ. ఇళ్ల శాఖ, విద్యుత్ సంస్థ, పురపాలక సంఘం ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి; షూటింగు లేని నెలల్లో శిక్షణకూ సామాజిక సభలకూ పనికొచ్చే ఒక పెద్ద షెడ్డు, అవసరమైతే ఉపాధ్యాయులకు వసతిగా మారే కొన్ని గదులు కడితే సినిమా డబ్బు ఊరి అవసరాన్ని కూడా తీరుస్తుంది.

చలి గురించి బయటివారు మాట్లాడేది ఎక్కువ, తెలిసింది తక్కువ. మైనస్ 35 డిగ్రీల్లో కెమెరా బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది, అందుకే అదనపు బ్యాటరీలను పార్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకుంటారు. కేబుళ్లు కర్రల్లా బిగుసుకుని, వంచితే పైతొడుగు పగులుతుంది. బయట చల్లబడ్డ కెమెరాను వెచ్చని గదిలోకి నేరుగా తెస్తే కటకం లోపలా బయటా తేమ పడుతుంది. దాన్ని గాలి చొరని సంచిలో మూసి, గది వేడికి మెల్లగా అలవాటు పడేదాకా ఆగాలి. శబ్దగ్రాహకుడికి పెద్ద తలనొప్పి అడుగుల కింద మంచు చేసే కరకర. మాట వినపడాలంటే యూనిట్ మొత్తం కదలకుండా నిలబడాలి, ఆ చలిలో కదలకుండా నిలబడటం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. వెలుతురు లెక్క కూడా వేరు. ఇకాలుయిట్‌లో డిసెంబరు పగలు నాలుగు గంటల పైచిలుకు మాత్రమే, జూన్‌లో చీకటి పడీ పడనట్టుంటుంది. ఇగ్లూలిక్‌లో నవంబరు చివర అస్తమించిన సూర్యుడు జనవరి మధ్యకు గానీ తిరిగి కనిపించడు. దక్షిణం నుంచి వచ్చిన మేనేజరు వేసిన రోజువారీ షెడ్యూలు మొదటి వారంలోనే చెదిరిపోతుంది. మంచు ఎక్కడ గట్టిగా ఉందో, గాలి ఎప్పుడు తిరుగుతుందో చెప్పగల స్థానిక వేటగాడికి సినిమా బృందంలో భద్రతాధికారి హోదా, దానికి తగ్గ వేతనం ఉండాలి. అనుభవం ఉన్న బృందాలు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి, విధాన పత్రాల్లో మాత్రం ఆ పనికి ఇంకా సరైన పేరు లేదు.

ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే ఆధారపడింది. సముద్రం అడుగున ఫైబర్ కేబుల్ వేయాలన్న ఆలోచన ఏళ్లుగా నలుగుతోంది. 2022 చివర తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాల సేవ అందుబాటులోకి వచ్చాక పరిస్థితి కొంత మెరుగుపడింది. అంతకు ముందు ఒక రోజు చిత్రీకరించిన దృశ్యాలను దక్షిణానికి పంపాలంటే హార్డ్ డిస్కును విమానంలో పంపడమే మార్గం. ఎడిటింగు, శబ్ద మిశ్రమం, రంగుల దిద్దుబాటు లాంటి పనులు మెల్లగా ఉత్తరాదిలోనే చేసుకోవడానికి ఈ మార్పు వీలు కల్పిస్తోంది. షూటింగు కొన్ని వారాలదైతే ఈ పనులు నెలల తరబడి సాగేవి, వెచ్చని గదిలో, ఇంటిదగ్గరే ఉండి చేసుకునేవి. పిల్లలున్న తల్లులు వేరే ఊరికి వెళ్లకుండా ఈ వృత్తిలో నిలవాలంటే శిక్షణ డబ్బు మొదట ఇక్కడ పెట్టడం ఉత్తమం.

తెలుగువారికి ఈ సమస్య పూర్తిగా పరాయిది కాదు. మద్రాసులో పెరిగిన తెలుగు సినిమా హైదరాబాదుకు రావాలని రాయితీలు, స్థలాలు ఇచ్చినా, 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వెలిసినా, సాంకేతిక నిపుణుల కుటుంబాలు ఇల్లూ బడీ చూసుకుని కదలడానికి మరో పదిహేను ఇరవై ఏళ్లు పట్టింది. ఏడాది పొడుగునా పని ఉంటుందన్న నమ్మకం కుదిరాకే మనుషులు కదిలారు. హైదరాబాదుకు కోట్ల మంది ప్రేక్షకులు, అప్పటికే నిండుగా ఉన్న మార్కెట్ ఉన్నాయి. ఇనుక్టిటుట్ సినిమాకు ఆ రెండూ లేవు కనుక ఆ నమ్మకాన్ని ప్రజాధనమే కలిగించాలి.

దాన్ని దానంగా చూడనక్కరలేదు. నునావుట్ జనాభాలో నూటికి ఎనభై అయిదు మంది దాకా ఇన్యూట్‌లే అయినా, ఇంట్లో ఇనుక్టిటుట్ మాట్లాడేవారి వాటా జనగణన జనగణనకూ తగ్గుతోంది. చరవాణిలో, టెలివిజన్‌లో, ఆటల్లో పిల్లలకు వినిపించేది ఇంగ్లీషే. ఇన్యూట్ ప్రసార సంస్థ 1980ల నుంచి నడిపిన ‘తకుగినయ్’ తోలుబొమ్మల కార్యక్రమం, ఇకాలుయిట్‌లోని తక్కుట్ సంస్థ తీసిన ‘అనానాస్ టెంట్’ లాంటి పిల్లల కార్యక్రమాలు భాషకు చేసిన సేవ ఏ చలనచిత్రోత్సవం బహుమతితోనూ కొలవలేనిది. రెండేళ్ల పాప పాట వినీ వినీ మాట నేర్చుకోవాలంటే ఆ పాట ప్రతిరోజూ రావాలి. 2021 జనవరిలో మొదలైన ఉవగుట్ టీవీ కెనడాలో ఇన్యూట్ భాషలోనే రోజంతా నడిచే తొలి ఛానెల్. ఇరవై నాలుగు గంటలు నింపడానికి పాత టేపుల నిల్వలను తవ్వి తీస్తున్నారు. నలభై ఏళ్ల కిందట ఎవరో వృద్ధుడు కయాక్ అనే సన్నటి పడవ కట్టడం చూపిస్తూ మాట్లాడిన టేపు ఇవాళ ప్రసారానికి పనికొస్తోంది. ఆ టేపులు ఆ నేల వారి చేతిలోనే ఉన్నాయి కనుక అది సాధ్యమైంది. అమెరికా దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ ఇన్యూట్‌ల మీద తీసిన ‘నానూక్ ఆఫ్ ద నార్త్’ విడుదలైన 1922 కాలంలో చిత్రం బయటివారిది, అందులో కనిపించిన మనుషులకు దాని మీద ఏ హక్కూ లేదు. నిధులిచ్చే ప్రతి ఒప్పందంలో, చిత్రం మీద హక్కులో ఇన్యూట్ సంస్థకు వాటా ఉండాలన్న షరతు ఆ నూరేళ్ల అనుభవం నుంచి పుట్టింది, దాన్ని సడలించడం ఎవరికీ మేలు కాదు.

ఇటీవలి మార్పుల్లో ఆశ కలిగించేది ఇండిజినస్ స్క్రీన్ ఆఫీస్. 2018లో పని మొదలుపెట్టిన ఈ సంస్థలో నిధులెవరికి ఇవ్వాలో ఆదివాసీలే నిర్ణయిస్తారు. 2021 కేంద్ర బడ్జెట్ దీనికి మూడేళ్లకు 4.01 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2024 బడ్జెట్ అయిదేళ్లకు 6.5 కోట్లు, ఆపైన ఏటా 1.3 కోట్ల డాలర్లు శాశ్వతంగా ఇస్తామని చెప్పింది. ‘శాశ్వతం’ అన్న ఆ ఒక్క మాట కోసం ఎందరో ఏళ్ల తరబడి అడిగారు. ఆ మొత్తం కెనడాలోని ఆదివాసీలందరికీ కలిపి, నునావుట్‌కు చేరేది అందులో ఒక పాలు మాత్రమే. వాంకూవర్‌లో తీసే చిత్రానికీ నునావుట్‌లోని చిన్న ఊరు పాంగ్నిర్‌తుంగ్‌లో తీసే చిత్రానికీ ఒకే గరిష్ఠ పరిమితి పెడితే విమాన ఖర్చులకే సగం పోతుంది. దూరాన్ని బట్టి విడిగా లెక్క కట్టడం న్యాయం.

మరో చిన్న విషయం ఉంది, దానికి అదనపు నిధులు కూడా అక్కరలేదు. సరుకు ఓడల కోసం దక్షిణాది రేవుల్లో సామాను ఓడ బయలుదేరే ముందే, గడువులోగా అప్పగించాలి. సెట్టు కట్టే కలప, జనరేటర్లు, లైట్ల స్టాండ్లు, ఆరు నెలలకు సరిపడా సామగ్రి ఆ ఓడలో ఎక్కితే ఒక ధర, తప్పిపోయి విమానంలో వెళ్తే దానికి ఎన్నో రెట్లు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై, దరఖాస్తుల పరిశీలన ముగిసి, మంజూరు ఉత్తరం జులై చివర చేతికి వస్తే ఆ నిర్మాతకు ఓడ తప్పిపోవచ్చు. తప్పిందంటే మరుసటి వేసవి దాకా ఆగాలి, లేదా మంజూరైన సొమ్ములో పెద్ద పాలు విమానానికి చెల్లించాలి. కెనడా రాజధాని ఒట్టావాలో ఉత్తరాలు పంపే తేదీని, మాంట్రియల్ రేవులో ఓడ కదిలే తేదీకి రెండు నెలల ముందే ఉండేలా మార్చడానికి ఒక అధికారి సంతకం చాలు.